పాటలో ఎవరూ నాన్నని అడగరు

'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' అనే హిందీ సినిమా చూసినవాళ్ళలో ఆవపూల పొలం పాట గుర్తులేనివాళ్ళు ఉండరు. ఆ పాట ఇచ్చినదాన్ని ఆ తర్వాత సినిమా ఎలా వెనక్కి లాక్కుందో మాత్రం ఎక్కువమంది పట్టించుకోరు.

పంజాబ్‌లో సిమ్రన్ పెళ్ళి పనులు మొదలవుతాయి. మాండలిన్ వినబడి ఆ పిల్ల పొలంలోకి పరుగెత్తుతుంది. పచ్చటి పూల మధ్య ఆమె ప్రేమించిన రాజ్ చేతులు చాపి నిలబడి ఉంటాడు. వెళ్ళి వాలిపోతుంది. లత, కుమార్ సానూ పాడతారు. పాట ఉన్నంతసేపూ తండ్రి లేడు, చిన్నప్పుడే ఖాయం చేసుకున్న సంబంధం లేదు, ఊళ్ళో ఏమనుకుంటారో అన్న బెంగ లేదు. పాట ఆగీ ఆగగానే సిమ్రన్ నన్నిక్కణ్ణుంచి తీసుకుపో అంటుంది. రాజ్ వద్దంటాడు. మీ నాన్న తన చేత్తో ఇస్తేనే తీసుకెళ్తానంటాడు. ఆ తర్వాత తల్లే నగల మూట తెచ్చి చేతిలో పెట్టి, వెళ్ళిపోండి నాయనా అన్నా కదలడు. ఇక మిగతా సినిమా అంతా ఒక పెద్దాయన్ని మంచి చేసుకునే వ్యవహారం. రైలు కదులుతున్నా సరే, ఆయన చెయ్యి వదిలేదాకా ఆ పిల్ల పరుగెత్తలేదు.

1995 అక్టోబర్‌లో విడుదలైన ఈ సినిమా ముంబై మరాఠా మందిర్ థియేటర్‌లో 2014 డిసెంబర్‌కి వెయ్యి వారాలు పూర్తి చేసుకుంది. కారణం కుటుంబ విలువలని రాసినవాళ్ళు చాలామంది. నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. తండ్రి వేషం వేసిన అమ్రీష్ పురి మనసు మారడం చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని నాలుగోసారి వెళ్ళే మనిషి ఎవరండీ? వెళ్ళింది పొలం కోసం. పెద్దాయన ఒప్పుకోవడమన్నది, పొలం చూసి ఇంటికెళ్ళేటప్పుడు తప్పు చేసినట్టు అనిపించకుండా ఉండటానికి.

హిందీ ప్రేమకథల ఆకర్షణ గురించి నేను చెప్పదలుచుకున్నది ఇంతే. వాటిలో కథ ఒక కట్టుబాటు మీద నడుస్తుంది, పాట వేరే కట్టుబాటు మీద నడుస్తుంది. కథ సెన్సారుకీ, పంపిణీదారుకీ, పక్క కుర్చీలో కూర్చున్న మేనత్తకీ జవాబు చెప్పుకోవాలి. పాటని ఎవరూ నిలదీయరు. 'పాటే కదా' అని వదిలేస్తారు. ఆ చులకన వల్లే దానికి అంత వెసులుబాటు దొరికింది.

ఎవరైనా నిజజీవితంలో నూరు వయొలిన్ల మధ్య కొండలెక్కి పాడతారా అని అడిగేవాళ్ళకి నా సమాధానం ఒకటే. ఇరవై ఏళ్ళ పిల్లకి ఉండే కోరిక పచ్చి నిజం. ఆఖరి రీల్లో కరిగిపోయే తండ్రే కల్పన. మీరు తప్పు చోట అనుమానపడుతున్నారు.

దీనికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం 'గైడ్'. 1965 సినిమా, విజయ్ ఆనంద్ దర్శకుడు, మూలం ఆర్.కె. నారాయణ్ నవల. రోజీ దేవదాసి ఇంట్లో పుట్టిన నర్తకి. గౌరవం కోసమని ఆమెని మార్కో అనే పురావస్తు పరిశోధకుడికి కట్టబెట్టారు. ఆయనకి గుహల్లోని బొమ్మల మీదున్న ప్రేమ ఇంట్లో మనిషి మీద లేదు. నాట్యం నిషేధం. భర్త బతికుండగానే అతన్ని వదిలి, రాజు అనే టూరిస్టు గైడుతో వెళ్ళిపోయే కథానాయిక ఆవిడ. ఆ రోజుల్లో కుటుంబాలతో వచ్చిన ప్రేక్షకులు ఇది చూసి కుర్చీల్లోంచి లేచిపోకుండా ఎలా ఆపాలి? మాటల్లో వాదిస్తే పని జరగదు. సంభాషణ రాస్తే ఆమె తనని తాను సమర్థించుకోవాలి. సమర్థించుకోవడం మొదలుపెట్టిందంటే సగం ఓడిపోయినట్టే.

విజయ్ ఆనంద్ అక్కడ పాట పెట్టాడు. దానికి ముందు రాజు ఆమెతో, నిన్నటిదాకా నలభై ఏళ్ళ మనిషిలా ఉన్నారు, ఇవాళ పదహారేళ్ళ పిల్లలా ఉన్నారు అంటాడు. ఆ వెంటనే 'ఆజ్ ఫిర్ జీనే కీ తమన్నా హై'. ఈ పాటలో ఒక చిత్రం గమనించండి. అన్ని పాటలూ పల్లవితో ఎత్తుకుంటే ఇది చరణంతో ఎత్తుకుంటుంది. ముళ్ళకి చిక్కుకున్న కొంగు లాక్కుని, కట్లు తెంచుకుని, కాళ్ళకి గజ్జె కట్టానని ముందు చెప్పి, మళ్ళీ బతకాలనుందన్న పల్లవికి తర్వాత వస్తుంది. పని అయిపోయాకే కోరిక చెబుతోంది. శైలేంద్ర రాశాడు, ఎస్.డి. బర్మన్ కట్టాడు, లత పాడింది. తెర మీద వహీదా రెహమాన్ చిత్తోడ్ కోట గోడ అంచున నడుస్తుంటే రాజు పడిపోతుందేమోనని హడలిపోతుంటాడు. ఆమెకి మాత్రం కింద ఏముందో పట్టదు. పాట పూర్తయ్యేసరికి హాల్లో వాళ్ళంతా ఆమె పక్షం. మార్కోకి అన్యాయం జరిగిందన్న ఆలోచన ఎవరికీ రాదు.

తర్వాత కథ తన బాకీ వసూలు చేసుకుంటుందనుకోండి. రాజు దొంగ సంతకం పెట్టి జైలుకెళ్తాడు, ఇద్దరూ విడిపోతారు, అతను స్వామీజీ అయిపోతాడు. అయినా ఆ కోట గోడ మీద గడిచిన నాలుగు నిమిషాలని ఏ స్వామీజీ రద్దు చేయలేకపోయాడు.

(మనవాళ్ళ కోసం ఒక మాట. ఆ వహీదా రెహమాన్ తొలినాళ్ళలో మన 'రోజులు మారాయి'లో 'ఏరువాకా సాగారో' అంటూ ఆడింది. 1955. ఆ పాట పుణ్యానే హిందీ దర్శకుడు గురుదత్ కంట పడి బొంబాయి చేరింది. ఏరువాక బాణీ కూడా తర్వాత అటే వెళ్ళింది. 'బంబయి కా బాబు'లో వినబడుతుంది.)

'ఆరాధన' దగ్గరికొస్తే ఈ బాకీ లెక్క మరీ కరుకుగా ఉంటుంది. 1969. వాన, తడిసిన బట్టలు, గది మధ్యలో మంట, వెనక కిశోర్ గొంతు. 'రూప్ తేరా మస్తానా' మొత్తాన్ని శక్తి సామంత ఎక్కడా కట్ లేకుండా ఒకే షాట్‌లో తీశాడు. కెమెరా ఆ ఇద్దరి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. కట్ ఉంటే మనం కళ్ళు తిప్పుకోవడానికి ఒక సందు దొరికేది. ఇక్కడ అదీ లేదు. గుడిలో దండలు మార్చుకున్నారు కాబట్టి సెన్సారు వారికీ ఒక సాకు దొరికింది. ఆ రాత్రికి కథానాయిక చెల్లించిన మూల్యం చూడండి. అతను విమాన ప్రమాదంలో పోతాడు, ఈమె గర్భవతి, బిడ్డని పరాయివాళ్ళు తమ బిడ్డగా పెంచుకోవడం చూస్తూ బతకాలి, జైలు, తెల్లజుట్టు. ఒక్క పాటకి జీవితమంతా జరిమానా. పైగా జనం గుర్తు పెట్టుకున్నది జరిమానాని కాదు. అమ్మవారి లాంటి తల్లి పాత్రని మెచ్చుకుంటూ బయటికొచ్చి, ఆ పాటే కూనిరాగం తీసుకుంటూ ఇంటికెళ్ళారు.

అదే సినిమాలో డార్జిలింగ్ రైలు పాట ఉంది. పక్కన రోడ్డు మీద జీపు, జీపులో రాజేశ్ ఖన్నా, చిన్న రైల్లో కిటికీ పక్కన పుస్తకం చదువుకుంటూ షర్మిలా టాగూర్. ఆమె దొంగచూపులు చూస్తుంది, ఇతను పాడతాడు. నిజానికి వాళ్ళు ఒకరినొకరు చూసుకోనే లేదు. ఆ సమయంలో షర్మిల సత్యజిత్ రాయ్ సినిమాలో పనిచేస్తూ ఉండటంతో డార్జిలింగ్ వెళ్ళడానికి కుదరలేదు. ఆమె భాగం తర్వాత స్టూడియోలో తీశారు. ఆ కొంటె చూపులన్నీ ఎడిటింగ్ బల్ల మీద కలిశాయి. నాకు ఈ సంగతి తెలిశాక పాట మీద ఇష్టం ఇంకా పెరిగింది.

అయితే ఈ పాటే నా వాదనకి అడ్డం కూడా తిరుగుతుంది. ముక్కూమొహం తెలియని మగవాడు జీపులో రైలు వెంట పడి, నా కలల రాణీ ఎప్పుడొస్తావ్ అని అరుస్తూ వస్తే, మా కాలేజీ బస్సు వెనక స్కూటర్ మీద వచ్చినవాళ్ళని మేం ఏమన్నామో అదే అంటాం. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని చోటు ఆడపిల్లకి దొరికినట్టే వెంటపడేవాడికీ దొరికింది. షమ్మీ కపూర్ శికారా పడవ మీద వేసిన వేషాలు నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తాయి కానీ, ఆ నవ్వులో సగం ఆయన శరీరం చేసే చిత్రాలకి. కాదనడం అవుననడానికి మొదటి మెట్టు అన్న పాఠాన్ని ఈ పాటలే ఊరూరా పంచిపెట్టాయి. ఇంకోటి, ఆడదాని మనసు చెప్పే ఈ పాటలన్నీ రాసినవాళ్ళు మగవాళ్ళే. శైలేంద్ర, సాహిర్, మజ్రూహ్, ఆనంద్ బక్షి. పాడిన గొంతు కూడా దశాబ్దాల తరబడి దాదాపు ఒక్కటే. 1963లో 'బందినీ'లో నూతన్‌కి పాడిన లత, 1995లో నూతన్ చెల్లెలి కూతురు కాజోల్‌కీ పాడింది. మంచి పిల్ల అంటే ఇలాంటి గొంతే ఉండాలని ఒక అచ్చు పడిపోయింది. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా నా మాట మారదు.

ఎందుకంటే 'హమ్ దోనో' ఉంది. 1961, నలుపు తెలుపు, జయదేవ్ సంగీతం. 'అభీ న జావో ఛోడ్ కర్'. ఇప్పుడే వచ్చావు, అప్పుడే వెళ్ళకు, ఇంకా తనివి తీరలేదు అంటాడు దేవానంద్. చాలా పాటలైతే ఇక్కడ అమ్మాయి సిగ్గుపడి తల దించుకుంటుంది. సాధన జవాబు చెబుతుంది. పొద్దు పోయింది, చుక్కలు పొడిచాయి, దీపాలు వెలిగాయి, ఇప్పుడు ఆగితే ఇక వెళ్ళలేను. నువ్వు ఎప్పుడూ ఈ మాటే అంటావు, ఈ తనివి తీరేది కాదు. రఫీ బతిమాలతాడు, ఆశా తర్కిస్తుంది. ఆమెకీ ఉండాలనే ఉంది, వెళ్ళాలనీ ఉంది, రెండూ దాచుకోదు. సాహిర్ రాసింది ఇద్దరు తెలివైనవాళ్ళ సంవాదం. చివరిదాకా ఎవరూ గెలవరు. సినిమాలో ఆ పిల్ల డబ్బున్న ఇంటి బిడ్డ, ఇతను నిరుద్యోగి. తర్వాత ఆమె తండ్రి ముందు నిలబడ్డప్పుడు ఇతను మాటపడి, తిన్నగా పోయి పట్టాళంలో చేరతాడు. చూశారా, నాన్న మళ్ళీ వచ్చాడు. పాటలో ఇద్దరూ సమానంగా వాదించుకున్నారు, కథలో ఒక పెద్దమనిషి ఒక్క మాటతో ముగించాడు.

మా తెనాలి ఇంట్లో ఈ పాటలు చూడనివ్వడానికి కారణం మా పెద్దవాళ్ళ విశాల హృదయం అనుకునేరు. వాళ్ళకి హిందీ రాకపోవడం. శుక్రవారం దూరదర్శన్ చిత్రలహరిలో తెలుగు యుగళగీతం వస్తే మా నాయనమ్మ "ఏవిటా గంతులు, కట్టెయ్యండి" అనేది. హిందీ పాటల చిత్రహార్‌లో అంతకి రెండింతలు జరుగుతున్నా తమలపాకుకి సున్నం రాసుకుంటూ కూర్చునేది. ఏమంటున్నారే అని ఒకసారి అడిగితే, దేవుడి పాట అని మా అక్క తడుముకోకుండా చెప్పింది. మేమేమో దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాసిన బాపతు. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష. అక్కడ నేర్చుకున్న హిందీ అంతా కబీరు దోహాలూ లింగ వచన విభక్తులూ. ఈ పాటల్లోని ఉర్దూ మాకు ముక్క తెలిసేది కాదు. తెలియనందువల్లే ఊహకి ఎక్కువ చోటు దొరికేది. హైదరాబాద్‌లో పెరిగిన మా వదినకి ఈ దాపరికం లేదు. వాళ్ళ వీధిలో అందరికీ అన్నీ అర్థమయ్యేవి. ఆ హైదరాబాద్‌లోనే పెరిగిన సంగీత దర్శకుడు శంకర్, జైకిషన్‌తో కలిసి, 1955లో రాజ్ కపూర్ 'శ్రీ 420'లో బొంబాయి పేవ్‌మెంట్ జనం చేత 'రామయ్యా వస్తావయ్యా' అని పాడించాడు. మా నాయనమ్మకి అర్థమైన ఒకే ఒక్క హిందీ పాట అది.

తెలుగులో ప్రేమ పాటలు లేవా అని మీరు అడిగేలోపే చెప్తున్నాను, ఉన్నాయి, బోలెడన్ని. కానీ నేను చూస్తూ పెరిగిన ఎనభైల సినిమాల్లో యుగళగీతం ఎక్కువగా కలలో వచ్చేది, లేకపోతే ప్రేమ ఖాయమయ్యాక బిందెల మధ్య వచ్చేది. పాట వల్ల కథలో ఏదీ మారదు. తీసేసినా నష్టం లేదు, అందుకే రెండో ఆటలో ఆపరేటర్లు తీసేసేవాళ్ళు కూడా. 'గైడ్'లో ఆ పాట తీసేస్తే సినిమా కుప్పకూలుతుంది. మనవాటిలో మినహాయింపు 'మరోచరిత్ర'. అందుకే అది హిందీకి వెళ్ళింది.

1981లో బాలచందర్ దాన్నే 'ఏక్ దూజే కే లియే'గా తీశాడు. హిందీ రాని తమిళ కుర్రాడు, తమిళం రాని ఉత్తరాది పిల్ల, గోవా. బాలు పాడితే దక్షిణాది యాస వినిపిస్తుందని సంగీత దర్శకులు లక్ష్మీకాంత్ ప్యారేలాల్ సందేహించారట. హీరోకే హిందీ రాదు కదా, యాస ఉంటేనే మంచిదని బాలచందర్ పట్టుబట్టాడు. బాలుకి ఆ సినిమాకే జాతీయ పురస్కారం వచ్చింది. ఇందులో లిఫ్ట్ పాట నాకు ప్రాణం. కుర్రాడికి హిందీ రాదు, హిందీ సినిమాల పేర్లు వచ్చు. లిఫ్ట్ ఆపేసి, ఆ పేర్లన్నీ గుదిగుచ్చి ప్రేమ వెలిబుచ్చుతాడు. ఆ పేర్లు చాలు, పిల్లకి అర్థమైపోతుంది. మేమూ అంతే కదా చేసింది! ఇక కథ సంగతి అంటారా, ఇక్కడ పెద్దవాళ్ళు ఏడాదిపాటు కలవకూడదు, మాట్లాడుకోకూడదని ఏకంగా ఒప్పందం రాయిస్తారు. లిఫ్ట్‌లో నాలుగు నిమిషాలు, బయట ఏడాది. చివరికి కథ ఇద్దరినీ చంపేస్తుంది.

తొంభైలలో క్యాసెట్లు అమ్ముకోవడానికి పాటలు కూరారన్నది నిజమే. కానీ వ్యాపారం కోసం పెట్టినదంతా వ్యాపారంగానే మిగలాలని లేదు. 'మైనే ప్యార్ కియా' మనకి 'ప్రేమ పావురాలు'గా వచ్చినప్పుడు మా వీధిలో పావురాయి కొనిపెట్టమని ఏడ్చిన పెద్ద పిల్లలు నాకు తెలుసు.

ఇప్పుడు పెదవులు కదిపి పాడటం చాలామంది దర్శకులకి నామోషీ అయిపోయింది. పాట వెనక నడుస్తుంటుంది, ముందు ప్రేమికులు కాఫీ తాగుతుంటారు, కారులో తిరుగుతుంటారు. తప్పనిసరిగా పాడించాలంటే ఒక సాకు కావాలి. అందుకని హీరోని గాయకుణ్ణి చేసేస్తారు. 2011లో 'రాక్‌స్టార్', 2013లో 'ఆషికీ 2', 2025 జులైలో వచ్చి కుర్రకారు చేత హాళ్ళలో వెక్కివెక్కి ఏడిపించిన 'సైయారా', అన్నిట్లోనూ అదే. 1973 నాటి 'అభిమాన్'లోనూ భార్యాభర్తలు గాయకులే, కానీ అక్కడ కథే ఎవరు బాగా పాడతారన్న అసూయ గురించి. ఇప్పటివాటిలో గాయకుడన్నది పాడటానికి లైసెన్సు. నాకిది పెద్ద నష్టంలా కనిపిస్తుంది. పూర్వం గైడు పాడాడు, నిరుద్యోగి పాడాడు, పేవ్‌మెంట్ మీద పడుకునేవాడూ పాడాడు. మనసు పడితే చాలు, పాడే అర్హత ఉండేది. ఇప్పుడు గిటారూ స్టేజీ లేనివాడు నోరు మూసుకుని వెనక పాట వింటూ నడవాలి.

ఇదంతా మా అక్క కూతురితో అన్నాను. బెంగళూరులో ఉద్యోగం, 'సైయారా' స్నేహితులతో ఒకసారి, ఒంటరిగా ఒకసారి చూసింది. "పిన్నీ, మీవాళ్ళు కొండ మీద అంతసేపు పాడి కిందికి దిగి నాన్న ముందు చేతులు కట్టుకునేవాళ్ళు. మావాళ్ళు నాన్నలకి అంత సీను ఇవ్వడం లేదు. ఇంక పాట ఎవర్ని తప్పించుకోవాలి?" అంది.

అది పాయింటే. ఈ సినిమాల్లో విడదీసేది తాగుడు, కీర్తి, రోగం, మతిమరుపు. పెద్దవాళ్ళు ఉన్నా పక్కన ఎక్కడో ఉంటారు. అందుకే ఈ పాటల్లో ధిక్కారం తక్కువ, దుఃఖం ఎక్కువ. అంతవరకు ఒప్పుకున్నాను. కానీ నాన్నలు తెర మీద పలచబడ్డారు గానీ పేపర్లో పలచబడలేదు. మన రెండు రాష్ట్రాల్లో కులం తప్పి పెళ్ళి చేసుకున్న పిల్లలకి ఏం జరుగుతోందో జిల్లా ఎడిషన్ తిరగేస్తే చాలు. తమ హీరోలకి ఆ బాధ లేదని చెప్పే ఈ పిల్ల, తనకి నచ్చిన అబ్బాయి సంగతి రెండేళ్ళుగా ఇంట్లో చెప్పలేకపోతోంది. ఆ అబ్బాయిది మా కులం కాదు.

"మరి మీ నాన్నకి ఎప్పుడు చెప్తున్నావే?" అన్నాను.

"సంక్రాంతికి చెప్తాలే" అంది. పోయిన సంక్రాంతికీ అదే అంది.